పరిశుద్ధత ఒక ఆదివారం, ప్రేమ ఇంకో ఆదివారం

మన సంఘాల్లో ఏళ్ల తరబడి ప్రసంగాలు వింటున్నవాళ్లు ఒక సంగతి గమనించే ఉంటారు. ఒక ఆదివారం పరిశుద్ధత మీద వాక్యం ఉంటుంది. ఆ రోజు సినిమాలు, సీరియళ్లు, మందు, దావత్‌లు, రీల్స్, ఆడవాళ్ల నగలు అన్నీ వరసగా వస్తాయి, వింటున్నవాళ్లు తలలు దించుకుని కూర్చుంటారు. ఇంకో ఆదివారం ప్రేమ మీద వాక్యం. ఆ రోజు దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ వస్తుంది, చలికాలం దుప్పట్ల పంపిణీ గురించి ప్రకటన వస్తుంది, అందరికీ ప్రాణం కాస్త తేలికవుతుంది. రెండూ మంచి ప్రసంగాలే, కాదనను. కానీ గేటు దాటి బండి స్టార్ట్ చేసేసరికి మన తలలో అవి రెండు వేర్వేరు పనులుగా స్థిరపడిపోతాయి. పరిశుద్ధత అంటే నేను చేయకూడనివి, ప్రేమ అంటే వీలున్నప్పుడు చేయాల్సినవి. మొదటిది తప్పనిసరి, రెండోది పుణ్యానికి.

ఇలా విడదీశాక ఏం జరుగుతుందో హన్మకొండలో చూసినా, కరీంనగర్‌లో చూసినా, జమ్మికుంటలో చూసినా ఒకేలా కనిపిస్తుంది. ఉపవాస ప్రార్థన ఒక్కటీ మానని అక్క తోడికోడలితో ఏళ్లుగా మాట్లాడదు, ఆమె చెప్పే సాక్ష్యంలో అది ఎప్పుడూ లోపంగా లెక్కలోకి రాదు. ఇటు చూస్తే ఊర్లో ఎవరికి రక్తం కావాలన్నా ముందుండే అన్న ఒకడుంటాడు, తన వడ్డీ వ్యాపారం గురించి వాక్యం ఏమంటుందో మాత్రం వినడు, ఎందుకంటే తన దృష్టిలో తాను ప్రేమ గల మనిషి. ఇద్దరూ మోసగాళ్లేం కాదు. ఇద్దరికీ చెరి సగం బైబిల్ అందింది, అంతే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బైబిల్ ఈ రెండింటినీ ఒకే విషయంగా చూస్తుంది. పక్కనున్న మనిషితో మనం ఎలా ఉన్నామన్న దాన్ని బట్టే అక్కడ పరిశుద్ధతను కొలుస్తారు. ఈ కొలత కొత్త నిబంధనలో మొదటిసారి వచ్చింది కూడా కాదు, ధర్మశాస్త్రంలోనే ఉంది, అదీ మనం ఎక్కువగా వదిలేసి ముందుకు వెళ్లిపోయే పుస్తకంలో.

ఆ పుస్తకం లేవీయకాండము. జనవరి ఒకటిన బైబిల్ మొత్తం చదువుతానని మొదలుపెట్టిన చాలామంది ఫిబ్రవరిలో ఆగిపోయేది ఇక్కడే. దాని 19వ అధ్యాయం రెండో వచనంలో, నేను పరిశుద్ధుణ్ణి కాబట్టి మీరూ పరిశుద్ధులుగా ఉండండి అని దేవుడు ఇశ్రాయేలీయులందరితో చెప్పమంటాడు. యాజకులతో మాత్రమే కాదు, మొత్తం సమాజంతో. అదే అధ్యాయం 18వ వచనంలో నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించు అన్న మాట ఉంది. యేసు రెండో గొప్ప ఆజ్ఞగా చెప్పిన మాట ఇక్కడిదే అంటే, ఇప్పటికీ మనలో కొందరు ఆశ్చర్యపోతారు. పరిశుద్ధత గురించి మొదలైన అధ్యాయం పొరుగువాడి దగ్గరికి ఎలా చేరుకుందో తెలియాలంటే మధ్యలో ఉన్నది చదవాలి.

పొలం కోసేటప్పుడు అంచుల దాకా కోయొద్దు, పరిగె ఏరుకోవద్దు, అది పేదలకూ పరదేశులకూ వదిలెయ్ అంటుంది. కూలివాని కూలి తెల్లారేదాకా నీ దగ్గర పెట్టుకోవద్దు అంటుంది. చెవిటివాణ్ణి తిట్టొద్దు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టొద్దు, ఎందుకంటే వాళ్లు నిన్ను పట్టుకోలేరు, దేవుడు పట్టుకుంటాడు. తీర్పు చెప్పేటప్పుడు పేదవాడని పక్షపాతం వద్దు, పెద్దవాడని మొహమాటం వద్దు. కొండెములు, అంటే చాడీలు, చెబుతూ తిరగొద్దు. ఇంకొంచెం కిందికి వెళితే 33, 34 వచనాల్లో మీ మధ్య ఉండే పరదేశిని మీలో పుట్టినవాడిలా చూడమని, 35, 36లో త్రాసు, రాళ్లు, కొలపాత్రలు సరిగ్గా ఉండాలని ఉంది.

ఇవన్నీ చదివితే వరంగల్ మనిషికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తెచ్చే రైతుకు కాంటా దగ్గర నిలబడటమంటే ఏమిటో తెలుసు, వడ్లు తూకం వేసేటప్పుడు తరుగు పేరుతో ఎవరైనా బస్తాకు ఎక్కువ కోసుకుంటే ఆ ఇంట్లో ఏం తగ్గుతుందో తెలుసు. పత్తి ఏరినందుకు కిలోల లెక్కన రావాల్సిన డబ్బు శనివారం ఇస్తానని, మళ్లీ శనివారం ఇస్తానని తిప్పుకుంటే ఏమవుతుందో కూలికి వెళ్లే ప్రతి తల్లికీ తెలుసు. పెద్దపల్లి, కరీంనగర్ వైపు ఇటుక బట్టీల్లో పనిచేయడానికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలకు ఆ 34వ వచనం అన్వయించి చెప్పిన ప్రసంగం మీరు ఎప్పుడైనా విన్నారా? నేనైతే అరుదుగా విన్నాను. కొండెముల సంగతి సరేసరి. మన దగ్గర అది ప్రార్థన విన్నపం వేషంలో వస్తుంది: "ఎవరికీ చెప్పకు అక్కా, ప్రార్థన కోసమే చెబుతున్నా, వాళ్లమ్మాయి..."

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాచిపెట్టడం మంచిది కాదు. అదే అధ్యాయంలో రెండు రకాల దారాలతో నేసిన బట్ట వేసుకోవద్దని ఉంది, గడ్డం అంచులు కత్తిరించొద్దని ఉంది, ఒంటి మీద పచ్చబొట్లు వద్దని ఉంది. ఆచారాలూ నీతీ పక్కపక్కనే కలిసి ఉన్నాయి. క్రైస్తవులు ఇందులో కొన్నిటిని ఇశ్రాయేలుకు ఆ కాలంలో ఇచ్చిన గుర్తులుగా చూస్తారు, కొన్నిటిని అందరికీ ఎప్పటికీ వర్తించేవిగా చూస్తారు. ఎక్కడ గీత గీయాలన్న దాని మీద పండితుల మధ్య చాలా వాదన ఉంది. అయితే యేసూ అపొస్తలులూ ఈ అధ్యాయం నుంచి దేన్ని ముందుకు తెచ్చారో చూస్తే మనకు దారి దొరుకుతుంది. యేసు 18వ వచనాన్ని తెచ్చాడు. పేతురు తన మొదటి పత్రికలో 2వ వచనాన్ని ఎత్తి రాశాడు. ఆపిన కూలి మొర పెడుతోందని యాకోబు 5:4లో ధనవంతుల మీద విరుచుకుపడితే అందులో 13వ వచనం వినిపిస్తుంది. మనమేమో యూత్ మీటింగ్‌లో పచ్చబొట్టు వచనం చూపిస్తాం, కూలి వచనం చూపించం. టాటూ వేయించుకున్న కుర్రాణ్ణి నిలబెట్టి అడగడం తేలిక, కమిటీలో ఉన్న కాంట్రాక్టర్‌ను అడగడం కష్టం.

విడదీయడం మొదలయ్యేది వచనాన్ని సగం చదవడంతోనే అని నాకు అనిపిస్తుంది. పరిశుద్ధత లేకుండా ఎవడూ ప్రభువును చూడడు అన్నది మన గోడల మీద, క్యాలెండర్ల మీద ఉంటుంది. అది హెబ్రీయులకు 12:14లో రెండో సగం. మొదటి సగంలో అందరితో సమాధానం కలిగి ఉండటానికి ప్రయత్నించమని ఉంది. రెండిటికీ ఒకటే క్రియ, ఒకటే ఆజ్ఞ. యాకోబు 1:27 కూడా అంతే, దిక్కులేని పిల్లలనూ విధవరాండ్రనూ వాళ్ల ఇబ్బందిలో పరామర్శించడం, లోకమాలిన్యం అంటకుండా తనను కాపాడుకోవడం, ఈ రెండూ కలిస్తేనే నిష్కళంకమైన భక్తి. ఒక్కో వర్గం తనకు నచ్చిన సగాన్ని చదువుకుంటుంది. పౌలు 1 థెస్సలొనీకయులకు 3:12, 13లో ఇంకా ముందుకెళ్లి, మీ ప్రేమ ఒకరిపట్ల ఒకరికీ అందరిపట్లా పెరిగి పొర్లాలని ప్రార్థిస్తాడు. ఎందుకంటే, మీ హృదయాలు పరిశుద్ధతలో అనింద్యంగా స్థిరపడటానికి. అంటే ప్రేమ పెరిగితేనే పరిశుద్ధత నిలబడుతుంది. మనం సాధారణంగా తలకిందులుగా అనుకుంటాం: ముందు నేను పూర్తిగా శుద్ధి అయ్యాక అప్పుడు జనాన్ని ప్రేమిస్తా అని.

ఈ తలకిందుల ఆలోచన వెనుక ఒక పాత భయం ఉంది, అంటుకుంటుందేమో అని. ఆ భయానికి బైబిల్‌లోనే ఆధారం ఉంది. హగ్గయి 2వ అధ్యాయంలో ప్రవక్త యాజకులను ఒక ప్రశ్న అడుగుతాడు. ప్రతిష్ఠితమైన మాంసాన్ని చెంగులో కట్టుకుని, ఆ చెంగు రొట్టెకో నూనెకో తగిలితే అవి ప్రతిష్ఠితమవుతాయా? కావు అంటారు యాజకులు. మరి శవాన్ని ముట్టుకున్నవాడు వాటిని తాకితే? అవి అపవిత్రమవుతాయి. అంటే అశుద్ధం అంటుకుంటుంది, శుద్ధం అంటుకోదు. ఈ లెక్కలో చూస్తే సమరయుడి ఉపమానంలో యాజకుడూ లేవీయుడూ దారి పక్కకు తప్పుకోవడం పూర్తిగా దయలేకపోవడమే అని చెప్పలేం, దెబ్బలు తిని పడి ఉన్నవాడు చచ్చాడేమో, ముట్టుకుంటే అపవిత్రమవుతామేమో అన్న జాగ్రత్త కూడా అయి ఉండొచ్చని కొందరు వ్యాఖ్యాతలు అంటారు.

యేసు దగ్గర ఈ లెక్క తారుమారైంది. మార్కు 1వ అధ్యాయంలో కుష్ఠరోగి వస్తే మాటతో బాగు చేయగలిగినవాడు చెయ్యి చాపి ముట్టుకున్నాడు. రక్తస్రావం గల స్త్రీ ఆయన్ని తాకినా ఆయన అపవిత్రం కాలేదు, ఆమె బాగయింది. శుద్ధం అంటుకోవడం మొదలైంది. ఆయనకు ఖర్చేమీ కాలేదని అనుకోవద్దు, ఆ కుష్ఠరోగి కథ చివర చూడండి: బాగైనవాడు ఊళ్లోకి వెళ్లి అందరికీ చెప్పుకుంటాడు, యేసు ఊళ్లోకి బాహాటంగా వెళ్లలేక అరణ్య ప్రదేశాల్లో ఉండిపోతాడు. ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు.

మన ఉత్తర తెలంగాణలో ఈ వచనం ఎలా ఉంటుందో చూడాలంటే నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి ఉంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్, వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున 1915లో అక్కడ కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టారు. అప్పటికి ఈ జబ్బుకు గట్టి మందు లేదు, తర్వాత చాల్‌మొగ్ర నూనె ఇంజెక్షన్లు వచ్చాయి, అవీ నొప్పితో కూడినవే. ఊరు వెలేసిన మనుషుల కోసం అక్కడ వార్డులు కట్టారు, వాళ్లకు ఉండే చోటు దొరికింది. ఇక్కడ మన సంఘాలు మర్చిపోకూడని సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఆసుపత్రికి పెద్ద మొత్తంలో డబ్బిచ్చిన దాత రాజా నర్సాగౌడ్, హిందువు. సమరయుడి కథను యేసు ఎందుకు అలా చెప్పాడో, సాయం చేసినవాణ్ణి మనవాడు కాని మనిషిగా ఎందుకు పెట్టాడో, డిచ్‌పల్లి వార్డుల ముందు నిలబడి ఆలోచించొచ్చు.

కెర్ దంపతులు వచ్చిన మెథడిస్టు పరంపరే ఈ విషయం మీద పుట్టిందని చెప్పొచ్చు. ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ వెస్లీ, ఆయన తమ్ముడు చార్లెస్, స్నేహితులు కలిసి ప్రార్థనలూ ఉపవాసాలూ క్రమం తప్పకుండా చేస్తుంటే తోటి విద్యార్థులు వాళ్లను పరిశుద్ధుల క్లబ్ అని ఎగతాళి చేసేవారు. ఆ క్లబ్ 1730 నుంచి చేసిన పనుల్లో ఒకటి జైలుకు వెళ్లి ఖైదీలను కలవడం, అప్పులు తీర్చలేక లోపలున్న వాళ్లతో సహా. ఒంటరిగా కూర్చుని సంపాదించే పరిశుద్ధత సువార్తకు తెలియదని, అది మనుషుల మధ్యే ఉంటుందని వెస్లీ 1739లో రాశాడు. ఆ పరంపర మన మెదక్‌కు వచ్చేసరికి అక్కడ కరువు. 1914లో మొదలై 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి కట్టడం ఆ కరువులో వేలమందికి పనీ తిండీ అయిందని ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన కథే. ఫోటోలు దిగడానికి వెళ్లేవాళ్లు గోపురం చూసి వస్తారు, గోపురం కింద ఉన్న కూలి కథ ఎవరో చెబితే తప్ప తెలియదు.

ఇప్పుడు రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి వద్దాం, ఎందుకంటే మన జనానికి పరిశుద్ధత గురించి ఎక్కువ టెన్షన్ వచ్చేది అక్కడే. అయోగ్యంగా తిని తాగితే శిక్షకు తింటున్నట్టే అన్న 1 కొరింథీయులకు 11వ అధ్యాయం హెచ్చరిక చదవగానే, ఈ వారం సినిమా చూశానని ఒకరు, ఇంట్లో అరిచానని ఒకరు, బల్ల తీసుకోకుండా తలదించుకుని వెనక కూర్చుంటారు. ఆత్మపరీక్ష మంచిదే, పౌలే చేసుకోమన్నాడు. కానీ ఆ అధ్యాయంలో కొరింథువాళ్లు చేసిన అయోగ్యమైన పని ఏమిటి? 20 నుంచి 22 వరకు చదవండి. ఉన్నవాళ్లు ముందే వచ్చి తినేసి తాగేస్తున్నారు, పని ముగించుకుని వచ్చే లేనివాళ్లు ఆకలితో నిలబడుతున్నారు. లేనివాళ్లను సిగ్గుపరుస్తారా అని అడుగుతాడు పౌలు. ఈ గొడవకు ఆయన చెప్పిన మందు 33వ వచనంలో ఉంది: ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి. అంటే ఆ హెచ్చరిక అన్నిటికంటే ముందు పేదవాణ్ణి చిన్నబుచ్చి బల్ల దగ్గరికి వచ్చేవాడికి వర్తిస్తుంది. మన దగ్గర సినిమా చూసిన అమ్మాయి బల్ల మానేస్తుంది, పనిమనిషికి వేరే గ్లాసు పెట్టిన ఇంటి యజమాని ముందు వరసలో నిలబడి తీసుకుంటాడు.

దీనికి తోడు క్రిస్మస్‌కు ముందు జరిపే సెమీ క్రిస్మస్‌లు చూడండి. డిసెంబర్ వచ్చిందంటే స్టేజి, సౌండ్ సిస్టమ్, పెద్ద కేకు, ముందు వరసలో సోఫాలు. నాయకుడు రెండు గంటలు ఆలస్యంగా వస్తే ప్రార్థన ఆగుతుంది, శాలువా కప్పుతారు. చర్చి ఊడ్చే అమ్మ చాప మీద చివర కూర్చుని ఉంటుంది, కేకు ఆమె దాకా వచ్చేసరికి పొడి మిగులుతుంది. యాకోబు 2వ అధ్యాయం మొదట్లో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి, మురికి బట్టల మనిషిని నా పాదపీఠం దగ్గర కూర్చో అనడం గురించి ఉంది, అచ్చం ఇదే సీన్. నగల గురించి ఆడవాళ్లకు ఇన్ని ప్రసంగాలు చెప్పే మనం ఈ బంగారం సంగతి ఎందుకు ఎత్తమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 1 తిమోతికి 2:9లో బంగారం, ముత్యాలు, మిక్కిలి వెలగల బట్టలు అని మూడూ కలిపి రాశాడు పౌలు. నగలన్నీ తీసేసి, మెళ్లో దారం కూడా లేకుండా, పాతిక వేల పట్టుచీరతో వచ్చేవాళ్లను చూసినప్పుడల్లా ఆ మూడో మాట గుర్తొస్తుంది.

మరి వేరుగా ఉండటం అన్నది అసలు లేదా? ఉంది. లోకంతో పూర్తిగా కలిసిపోతే ఉప్పు ఎందుకు, దీపం ఎందుకు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో క్రైస్తవులు నూటికి 1.3 దగ్గర ఉన్నారు, కాబట్టి మన చుట్టాల్లో, వాడలో, ఆఫీసులో ఎక్కువమంది వేరే నమ్మకాలవాళ్లే. రెండేళ్లకోసారి మేడారం జాతర, ఏటా బతుకమ్మ, బోనాలు, ఇంట్లో పెళ్లిళ్లు, పెద్దకర్మలు. ప్రతి దాని దగ్గరా ఒక ప్రశ్న, వెళ్లాలా వద్దా, తినాలా వద్దా. పౌలుకు కొరింథులో ఇదే ప్రశ్న వచ్చింది, 1 కొరింథీయులకు 8 నుంచి 10 అధ్యాయాల దాకా మూడు అధ్యాయాలు దీనికే ఇచ్చాడు, అంటే ఆయనకూ తేలిగ్గా తేలలేదు. ఆరాధనలో పాలుపంచుకోవడం కుదరదని గట్టిగానే చెప్పాడు. కానీ కటికి అంగడిలో అమ్మే మాంసం విగ్రహానికి అర్పించినదా అని ఆరా తీయకుండా తినమన్నాడు. నమ్మకం లేనివాళ్లు భోజనానికి పిలిస్తే, వెళ్లాలనిపిస్తే వెళ్లు, పెట్టింది తిను అన్నాడు. ఎవరైనా ఇది బలి అర్పించినదని చెబితే మాత్రం తినొద్దు, అదీ ఎవరి కోసం? చెప్పినవాడి కోసం, అతని మనస్సాక్షి కోసం. వేరుగా ఉండాల్సిన చోట కూడా పౌలు ఎదుటి మనిషి వైపు నుంచే లెక్క వేశాడు. జ్ఞానం ఉప్పొంగేలా చేస్తుంది, ప్రేమ క్షేమాభివృద్ధి కలిగిస్తుంది అని ఈ చర్చ మొదలుపెట్టిందే ఆ లెక్కతో.

బతుకమ్మ ఆడటం గురించి మన ఆడవాళ్లలోనే రెండు మాటలున్నాయి. పూల పండుగ, మన ఊరి పాట అని కొందరంటారు, గౌరమ్మను పెట్టి చేసే పూజ కాబట్టి నేను ఆడలేను అని కొందరంటారు. నా అభిప్రాయం అడిగితే, రెండో మాట అనేవాళ్ల మనస్సాక్షిని ఎవరూ ఎగతాళి చేయకూడదు, మొదటి మాట అనేవాళ్లను సంఘం నుంచి నెట్టేయకూడదు, రోమీయులకు 14 చదివితే అంతకంటే ఎక్కువ చెప్పే అధికారం మనకు లేదు. కానీ "నేను ఆడను వదినా" అని చెప్పిన తీరు, ఆ తర్వాత ఏడాదంతా ఆ వదినతో ఉన్న తీరు వేరే సంగతి. ఆమె జ్వరంతో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పడుకుంటే రాత్రి పక్కన కూర్చున్నది ఎవరు? ఆమె కొడుకు ఇంటర్ ఫీజుకు డబ్బు సర్దింది ఎవరు? పండుగ రోజు రాని మనిషి మామూలు రోజుల్లోనూ రాకపోతే ఆమెకు అర్థమయ్యేది ఒక్కటే, వీళ్లకు మేమంటే చిన్నచూపు అని. వేరుగా ఉండటం తప్పుగా జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఒకటుంది, ఈ నియమం ఖర్చు ఎవరు భరిస్తున్నారు? నేను భరిస్తుంటే పర్వాలేదు. నా నియమానికి మా అమ్మ ఏడుస్తుంటే, మా చిన్నమ్మ పదిమందిలో తల దించుకుంటుంటే, ఒకసారి ఆగి చూసుకోవాలి. మార్కు 7వ అధ్యాయంలో దేవుడికి అర్పించేశానని చెప్పి తల్లిదండ్రులకు చేయాల్సింది మానేసిన వాళ్ల మీద యేసుకు వచ్చిన కోపం ఈ విషయంలోనే.

ఇదే మాట ఒకప్పుడు మన ప్రాంతం నుంచి వెళ్లిన మనిషి ప్రపంచం ముందు చెప్పాడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టి, దోర్నకల్‌కు మిషనరీగా వచ్చాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న దోర్నకల్‌లో గుడి శైలీ మసీదు శైలీ కలిపి ఆయన కట్టించిన కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. బిషప్ కాకముందు 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లు మామూలు మనుషులు కాదు, దేశాలు వదిలి, పిల్లల్ని ఇక్కడి మట్టిలో పాతిపెట్టి పనిచేసిన వాళ్లు. వాళ్ల త్యాగాన్ని ఒప్పుకుంటూనే, 1 కొరింథీయులకు 13వ అధ్యాయం మాటలే తీసుకుని, మీరు పేదలకు ఆస్తి పంచారు, శరీరాలను కాల్చబడటానికి ఇచ్చారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. చేయి కలపడం, కుర్చీ వేయడం, భోజనానికి పిలవడం వాటి కోసమే అడగట్లేదు, వాటి వెనక ఉండాల్సిన స్నేహం అడుగుతున్నాను అని వివరించాడు కూడా. అంత త్యాగం చేసి, క్రమశిక్షణతో బతికి, పక్కనున్న భారతీయ పాస్టర్‌ను సమానంగా చూడలేకపోయినవాళ్లు ఉన్నారని చెప్పడానికి ఆ సభలో ధైర్యం కావాలి. మనం ఈ ప్రసంగాన్ని గర్వంగా తలచుకుంటాం. మాల సంఘం, మాదిగ సంఘం అని ఊళ్లో రెండు చర్చిలు ఎందుకున్నాయో చెప్పేటప్పుడు మాత్రం తలచుకోం.

ఇంతసేపూ ప్రేమ లేని పరిశుద్ధత గురించే మాట్లాడాను, పరిశుద్ధత లేని ప్రేమ కూడా అంతే ప్రమాదం, మన సంఘాల్లో అది ఈ మధ్య ఎక్కువైంది కూడా. సంఘం డబ్బు లెక్క తేలలేదు. లేదా ఒక పెద్దమనిషి ఒక అమ్మాయితో తప్పుగా ప్రవర్తించాడు. వెంటనే పదిమంది కూర్చుని, ప్రేమ అనేక పాపాలను కప్పుతుంది, బయటివాళ్ల ముందు ప్రభువు నామానికి అవమానం వద్దు అంటారు. 1 పేతురు 4:8 అర్థం అది కాదు. నాకు జరిగిన తప్పును నేను క్షమించడం నా చేతిలో ఉంది, వేరే అమ్మాయికి జరిగిన తప్పును కప్పెయ్యడానికి నాకు హక్కెక్కడిది? మళ్లీ లేవీయకాండము 19కే వెళితే, పొరుగువాణ్ణి ప్రేమించమన్న వచనానికి సరిగ్గా ముందు వచనంలో నీ పొరుగువాణ్ణి తప్పకుండా గద్దించు అని ఉంది. ప్రేమ దుర్నీతి విషయంలో సంతోషించదు, సత్యంతో కలిసి సంతోషిస్తుంది అన్నది కూడా పెళ్లి కార్డుల మీద వేసే ఆ 1 కొరింథీయులకు 13వ అధ్యాయంలోదే. కప్పే ప్రతిసారీ ఖర్చు ఎవరు భరిస్తున్నారో అడిగితే చాలు, తేలిపోతుంది. ఆ అమ్మాయి సంఘం మానేస్తుంది, పెద్దమనిషి మైక్ పట్టుకుంటాడు. పోలీసులకు చెప్పాల్సిన నేరమైతే చెప్పాలి, అది విశ్వాసానికి వ్యతిరేకం కాదు.

ఇక్కడ ఒకరు తప్పకుండా అడుగుతారు: ఇదంతా క్రియల వల్ల రక్షణ అన్నట్టు లేదా? లేదు. కృపచేతనే రక్షణ అని చెప్పే ఎఫెసీయులకు 2:8, 9 పక్కనే సత్క్రియలు చేయడానికే సృష్టించబడ్డామని చెప్పే 10 ఉంది, అదీ సగమే చదువుతాం. గలతీయులకు 5:6 ప్రకారం విలువైనది ప్రేమ వల్ల పనిచేసే విశ్వాసం. కొరింథువాళ్లను పౌలు మొదటి అధ్యాయంలోనే పరిశుద్ధులు అని పిలిచి, తర్వాత పేజీల కొద్దీ మందలించాడు. ఆ పేరు ముందే ఇచ్చేశారు, దానికి తగ్గ నడక రోజూ నేర్చుకోవాలి. ఇందులో అంతకంటే పెద్ద చిక్కు లేదు.

చిక్కంతా డబ్బు దగ్గర వస్తుంది. సాక్ష్యాల సమయంలో నేను మారాను అని చెప్పేవాళ్లు చాలామంది, కన్నీళ్లు కూడా నిజమైనవే. లూకా 19వ అధ్యాయంలో పన్నులు వసూలు చేసే జక్కయ్య సాక్ష్యం వింటే అందులో కన్నీళ్ల గురించి ఒక్క మాట లేదు, అంకెలున్నాయి. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. గొర్రెను దొంగిలించి అమ్మినా చంపినా నాలుగు గొర్రెలు ఇవ్వాలని నిర్గమకాండము 22లో ఉంది, ఆ లెక్కను తన మీద తానే వేసుకున్నాడు. నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ అంకెలు విన్నాకే.

మన దగ్గర చిట్టీ డబ్బు ఎగ్గొట్టినవాడు, అక్క వాటా పొలం రాయించుకున్నవాడు, కూలీల డబ్బు ఆపినవాడు మారుమనస్సు పొందితే ముందుగా చేసేది చర్చికి పెద్ద కానుక వేయడం. సంఖ్యాకాండము 5:6 నుంచి 8 వరకు దీనికి వరస చెప్పింది. తప్పు ఒప్పుకోవాలి, అసలుకు అయిదో వంతు కలిపి, ఎవరికి అన్యాయం చేశాడో అతనికే ఇవ్వాలి. అతను లేకపోతే అతని దగ్గరి బంధువుకు ఇవ్వాలి. అలాంటి బంధువు కూడా లేకపోతే అప్పుడు అది యెహోవాకు, అంటే యాజకుడికి చేరుతుంది. కానుకల పెట్టె ఆ వరసలో మూడోది.